నొస్సం నుంచి తైవాన్ దాకా

2020 మార్చి 28న ఉమ్మడి కర్నూలు జిల్లాలో తొలి కరోనా కేసు బయటపడింది. కర్నూలు నగరంలో కాదు, సంజామల మండలం నొస్సంలో! నెల తిరక్కుండానే కేసుల్లో జిల్లా రాష్ట్రానికే మొదటి స్థానంలో నిలిచింది.

మహమ్మారికి డబ్బున్న దేశమైనా, మారుమూల పల్లె అయినా ఒకటే. 2019 ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీలో అమెరికాది మొదటి స్థానం, బ్రిటన్‌ది రెండోది. కాగితం మీది ఆ మార్కులు అసలు పరీక్షలో అక్కరకు రాలేదు. 2003లో సార్స్ దెబ్బ తిన్న తైవాన్ మాత్రం 2019 డిసెంబరు 31నే వూహాన్ నుంచి వచ్చిన విమానాలెక్కి ప్రయాణికులను పరీక్షించింది. 2015లో మెర్స్‌తో చేతులు కాల్చుకున్న దక్షిణ కొరియా వేగంగా పరీక్షలు పెంచింది. వియత్నాంలో తొలి కొవిడ్ మరణం 2020 జూలై 31న గానీ నమోదు కాలేదు.

మనకూ అప్పట్లో ఆయుధం లేకపోలేదు. యాభై ఇళ్లకొక వాలంటీరు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం గడప గడపకూ తిరిగి జ్వరాల లెక్క తీశారు. లోటల్లా ఆ లెక్క వెంటే పరీక్ష, ఫలితం పరుగెత్తకపోవడమే. సంజామల ఉన్న నంద్యాల ఇప్పుడు ప్రత్యేక జిల్లా. సంజామల లాంటి మండలాల్లో ప్రయోగశాల సిబ్బందిని ప్రభుత్వం ఇప్పుడే నియమించాలి, మరో నొస్సం కోసం ఎదురుచూడకుండా.