పెన్సిలు చుక్క

"బిజినెస్ ఎనలిస్టు అంటే ఏం చేస్తారండీ?" అని మా వీధిలో ఎవరడిగినా, "ఏదో కంప్యూటర్ల పని లెండి" అని ఇన్నాళ్ళూ తప్పించుకుంటూ వచ్చాను. మా అక్క కూతురు ఆ ఉద్యోగమే చేస్తూ రెండేళ్ళుగా మా ఇంట్లో ఉంటున్నది. పొద్దున్నే మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, అక్కడ ఇంకో మెట్రో పట్టుకుని హైటెక్ సిటీకి పోతుంది. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంటుంది ఆ దారి. అయినా ట్రాఫిక్కులో చిక్కుకుని బస్సులో నిలబడడం కన్నా నయమంటుంది. వెళ్తున్నది, వస్తున్నది, జీతం తెస్తున్నది. ఆ మధ్యలో ఏం చేస్తున్నదో అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. తెలుగు ఎమ్మే చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునే నాబోటి దానికి ఆ గొడవ ఎందుకులే అనుకున్నాను.

క్రిందటి నెల ఒక సాయంత్రం అడగక తప్పలేదు. వస్తూనే చేతిసంచీ కుర్చీలో పడేసి కూలబడింది. కాఫీ ఇస్తే వద్దన్నది. మా ఇంట్లో కాఫీ వద్దన్నారంటే జ్వరమైనా వచ్చి ఉండాలి, ఉద్యోగమైనా పోయి ఉండాలి. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది.

"ఏమే, ఉద్యోగం పోయిందా ఏమిటి?" అన్నాను.

"ఇంకా పోలేదు పిన్నీ. పోయే దారిలో ఉంది" అన్నది.

సంగతి ఇదీ. విదేశంలో ఒక బీమా కంపెనీ ఉన్నదట. అక్కడి గుమాస్తాలు క్లెయిములు చూసే కంప్యూటరు ప్రోగ్రాం పాతబడింది, కొత్తది కావాలి. ఏమేం కావాలో వాళ్ళని అడిగి, ఇక్కడ ప్రోగ్రాం తయారుచేసేవాళ్ళకు అర్థమయ్యేటట్టు రాసి ఇవ్వడం మా అమ్మాయి పని. అడిగింది. వాళ్ళ అధికారులు చెప్పారు. చెప్పింది చెప్పినట్టు ఎనభై పేజీలు రాసింది. వాళ్ళు చదివి సరే నన్నారు. వీళ్ళు మూడు నెలలు కష్టపడి మొదటి భాగం తయారుచేసి చూపిస్తే, "ఇది మాకు పనికి రాదే!" అన్నారు. చిత్రమేమిటంటే, ఆ ఎనభై పేజీల్లోనూ ఒక్క తప్పు లేదు. వాళ్ళు అడిగిందంతా ఉంది. వాళ్ళకు కావలసిందే లేదు.

మేనేజరు కేకలెయ్యలేదట. నెమ్మదిగానే అన్నాడట: "వాళ్ళు చెప్పింది రాసుకోవడానికైతే ఇప్పుడు ఎ.ఐ. యంత్రముంది. మీటింగంతా విని అయిదు నిమిషాల్లో రాసి ఇస్తుంది. నువ్వు దానికి అదనంగా చేస్తున్నదేమిటో వచ్చే నెలలోగా చెప్పు" అని.

"ఏం చెప్పను పిన్నీ?" అంటూ కళ్ళు తుడుచుకున్నది.

మావారు పేపరు కొంచెం దించి, "అమీర్‌పేటలో ఇంకో కోర్సు చెయ్యమను. సర్టిఫికెట్టు చూపిస్తే సరి" అని సలహా పడేసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

నాకు మాత్రం మాట రాలేదు. ఎంచేతంటే, ఇటువంటి కథలోనే అవతలి వైపు పాత్ర నేనూ ఒకసారి వేశాను.

కొన్నేళ్ళ క్రిందట నేను పనిచేసిన కాలేజీలో హాజరు రిజిస్టర్లు తీసేసి, అంతా కంప్యూటరులో పెట్టాలని తలపెట్టారు. దానికొక కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను. ఒక కుర్రాడు వచ్చి, "మేడమ్, మీకేం కావాలి?" అని అడిగాడు. "ఏముంది నాయనా! రిజిస్టర్లో ఉన్నదే అందులోనూ రావాలి. 75 శాతం తగ్గినవాళ్ళకు హాల్ టిక్కెట్టు రాకూడదు" అన్నాను. అతను రాసుకొచ్చాడు. నేను చదివి సంతకం పెట్టాను.

నేను చెప్పనిది ఒకటున్నది. ఎన్.సి.సి. క్యాంపులకో, ఆటల పోటీలకో కాలేజీ తరఫున వెళ్ళిన పిల్లలకు ఆ రోజు రాలేదనే గుర్తు వేసి, పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవాళ్ళం. ఏడాది చివర ఆఫీసు గుమాస్తా ఆ చుక్కలన్నీ లెక్కపెట్టి హాజరులో కలిపేవాడు. ఆ చుక్క సంగతి ఏ కాగితం మీదా లేదు. మా ముందువాళ్ళు పెట్టారు, మేమూ పెట్టాం. కుర్రాడు అడిగినప్పుడు నాకది గుర్తే రాలేదు. రోజూ చెయ్యి చేసే పని నోటికి తెలియదు గదా!

పరీక్షలు వారం ఉన్నాయనగా ఒక పిల్ల వచ్చి స్టాఫు రూము గుమ్మంలో నిలబడ్డది. మేము క్యాంపుకు పంపిన పిల్లే. కంప్యూటరు ఆమెకు హాల్ టిక్కెట్టు లేదన్నది. మూడు రోజులు ఆ పిల్ల ప్రిన్సిపాలు గదికీ, ఆఫీసుకూ, మా గదికీ మధ్య కాళ్ళరిగేటట్టు తిరిగింది. చివరికి పాత కాగితాలు వెతికి, ఉత్తరాలు రాసి, టిక్కెట్టు ఇప్పించాం. పరీక్ష రాసింది. కాని చదువుకోవలసిన మూడు రోజులూ మెట్ల మీదే గడిచిపోయాయి. ఆమెకు రావలసిన మార్కులు ఆ ఏడు రాలేదు. ప్రోగ్రాం తెచ్చిన కుర్రాణ్ణి అందరూ తిట్టారు. నేనూ తిట్టాను. ఆ కాగితం కింద సంతకం నాదేనని తరువాత గుర్తొచ్చింది.

ఈ కథంతా చెప్పి, "ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ కుర్రాడు ఏం చేసి ఉండవలసింది?" అని అడిగాను.

అమ్మాయి కాసేపు ఆలోచించి, "నిన్ను అడిగి ఊరుకోకుండా, ఏదీ మీ పాత రిజిస్టరు చూపించండి అనవలసింది. ఆ చుక్క ఏమిటని అడగవలసింది. లెక్క కట్టే గుమాస్తా పక్కన ఒక పూట కూర్చోవలసింది" అన్నది.

"మరి నువ్వు ఎవరి పక్కన కూర్చున్నావు?"

జవాబు లేదు. అధికారులతో పది మీటింగులు చేసింది. రోజూ క్లెయిములు చూసే గుమాస్తాలలో ఒక్కరితోనూ మాట్లాడలేదు.

మా క్లాసులో పద్యం చెప్పేటప్పుడు ముందు ప్రతిపదార్థం చెబుతాం, తరువాత తాత్పర్యం. ప్రతిపదార్థానికి నిఘంటువు దగ్గరుంటే చాలు. తాత్పర్యానికి ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నది తెలియాలి. మా అమ్మాయి రాసిన ఎనభై పేజీలూ ప్రతిపదార్థం. ఆ పని యంత్రం చేసిపెడుతుంది, నిజమే. మనిషికి జీతమిచ్చేది తాత్పర్యం కోసం.

ఇంకో మాట కూడా చెప్పాను. వాక్యానికి మూడు లక్షణాలుండాలంటారు మన శాస్త్రకారులు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట వినగానే ఇంకేదో తెలియాలనిపిస్తే అది ఆకాంక్ష. "తగ్గితే హాల్ టిక్కెట్టు ఆపాలి" అన్నప్పుడు, "ఎప్పుడైనా ఆపకూడదా?" అన్న ప్రశ్న పుట్టాలి. నిప్పుతో తడిపాడు అంటే మాటలున్నా అర్థం పొసగదు, యోగ్యత లేదు. అధికారి అడిగిన రెండు కోరికలు ఒకదానితో ఒకటి పొసగుతాయా లేదా చూడాలి. ఇవాళ ఒక మాట, రేపు ఒక మాట అంటే వాక్యం కాదు, దగ్గరగా ఉండాలి, అది సన్నిధి. పది మీటింగుల్లో పదిచోట్ల పడిన మాటల్ని ఒకచోట చేర్చి, "మీరన్నది ఇదేనా?" అని తిరిగి వినిపించాలి. "ఇదంతా మా పుస్తకాల్లో ఇంగ్లీషులో ఉంది పిన్నీ!" అని అమ్మాయి మొదటిసారి నవ్వింది.

ఇదంతా పరాయి దేశపు విద్య అనుకోకండి. మన రాష్ట్రంలోనే పాతికేళ్ళ క్రిందటే జరిగింది. అప్పట్లో ఇల్లు కొన్నవాళ్ళకు రిజిస్ట్రేషను ఆఫీసు జ్ఞాపకముండే ఉంటుంది. దస్తావేజు ఇస్తే, దాన్ని గుమాస్తాలు పెద్ద పుస్తకాల్లోకి అక్షరం అక్షరం చేతితో ఎక్కించేవాళ్ళు. కాగితం తిరిగి చేతికి రావడానికి రోజుల తరబడి తిరగాలి. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే పద్ధతి వచ్చింది. పెన్నుతో ఎక్కించేది కంప్యూటరులో టైపు చేయిస్తే సరిపోతుందని ఊరుకోలేదు. అసలు ఎందుకు ఎక్కించాలి, దస్తావేజుకు నకలు ఉండాలి, అంతేగదా అని, స్కానింగు పెట్టారు. దానికి వీలుగా చట్టంలోనూ మార్పు తెచ్చారు. ఈసీ నిమిషాల్లో చేతికి రావడం అప్పుడు మొదలైంది.

అలాగే బిల్లులు. కరెంటుకొక ఆఫీసు, నీళ్ళకొకటి, ఇంటిపన్నుకొకటి, ప్రతిచోటా ఒక క్యూ. ప్రతి ఆఫీసుకూ ఒక్కో కంప్యూటరు ఇస్తే ఏమయ్యేది? క్యూలు అలాగే ఉండేవి. కట్టేవాడికి ఏ శాఖ అన్నదానితో పనేమిటి, డబ్బు కట్టి రశీదు తీసుకుని ఇంటికి పోవడం కావాలి గాని, అని ఆలోచించిన ఫలితమే 1999 లో జంటనగరాల్లో 'ట్విన్స్' పేరుతో ప్రయోగంగా మొదలై, 2001 లో 'ఈసేవ'గా విస్తరించింది. ఏ కౌంటరులోనైనా ఏ బిల్లైనా కట్టవచ్చు. 2011 లో మీసేవ వచ్చింది. అడిగింది ఇవ్వడం వేరు, అవసరం కనిపెట్టడం వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణలు ఎక్కడికో పోయి వెతకనక్కరలేదు.

మర్నాడు మా అమ్మాయి మేనేజరునడిగి, ఆ బీమా కంపెనీలో ఒక గుమాస్తా పని చేస్తుండగా చూడడానికి అనుమతి తెచ్చుకున్నది. వాళ్ళకు పగలైతే మనకు రాత్రి. రెండు రాత్రులు వీడియోలో ఆవిడ పనిచేస్తుంటే ఊరికే చూస్తూ కూర్చున్నది. జపానులో టయోటా కార్ల కంపెనీ వాళ్ళ పద్ధతి ఒకటుంది: ఏ చిక్కు వచ్చినా "ఎందుకు?" అని అయిదుసార్లు అడగడం. మా అమ్మాయికి అయిదు అక్కర్లేకపోయింది. గుమాస్తా బల్ల మీద, కంప్యూటరు పక్కన, ఒక చిన్న నోటుపుస్తకం కనిపించింది. "అదెందుకండీ?" అని అడిగింది. ఆస్పత్రి నుంచి కాగితాలు రావలసిన క్లెయిములన్నీ ఆవిడ అందులో రాసుకుంటున్నది, ఎవరికి ఏ రోజు ఫోను చెయ్యాలో మరిచిపోకుండా. కంప్యూటరులో ఆ తేదీ వేసే చోటు లేదు. పుస్తకంలో పేజీ తిప్పడం మరిచిపోతే ఒక రోగి కుటుంబం ఇంకో వారం డబ్బు కోసం ఎదురుచూస్తుంది.

అధికారులు గుమాస్తాలు నెమ్మదిగా టైపు చేస్తున్నారనుకుని, త్వరగా నింపడానికి కొత్త పేజీలు అడిగారు. ఆలస్యం టైపు దగ్గర లేదు, ఎదురుచూపుల దగ్గర ఉంది. కావలసింది ఒక్క తేదీ, ఆ రోజు రాగానే గుర్తుచేసే ఒక్క గంట. తలపెట్టిన కొత్త పేజీల్లో చాలావాటిని వాళ్ళే వద్దనుకున్నారు. మా అమ్మాయి విలువ ఆమె కట్టించినదానిలో కన్నా, కట్టకుండా ఆపినదానిలోనే ఎక్కువ కనిపించిందన్నమాట.

"మీ పిల్లలు ఈ ఉద్యోగంలోకి పోతామంటున్నారా?" అని అడిగే తల్లిదండ్రుల కోసం రెండు ముక్కలు. కోర్సులు తప్పని నేననను. 2003 లో కెనడాలోని టొరంటోలో ఈ వృత్తివాళ్ళకొక అంతర్జాతీయ సంస్థ, ఐ.ఐ.బి.ఏ. అనేది ఏర్పడింది. వాళ్ళ పుస్తకముంది, పరీక్షలున్నాయి. ఎక్సెల్లూ, ఎస్‌క్యూఎల్లూ, పని ఎటునుంచి ఎటు పోతున్నదో గీసి చూపే బొమ్మలూ నేర్చుకోవలసిందే. బీమాలో పనిచేస్తే బీమా, బ్యాంకులో పనిచేస్తే బ్యాంకు లోతుగా తెలియాలి. ఇవన్నీ పలక, బలపం వంటివి. రాసేదేమిటన్నది వేరే నేర్చుకోవాలి. ఎదుటివాడి మాట మధ్యలో అందుకోకుండా వినడం, తెలియనిది తెలియదని అడగడం, విన్నది పదిమందికీ అర్థమయ్యే చిన్న వాక్యాల్లో రాయడం, పెద్దవాళ్ళు అడిగినా అవసరం లేనిది అవసరం లేదని మర్యాదగా చెప్పడం. ఇవి ఇంట్లో నేర్పగలిగినవే. పిల్లాణ్ణి బజారుకు పంపి కూరలు తెమ్మన్నప్పుడు, "ఎవరొస్తున్నారు, ఎందరికి?" అని తిరిగి అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్నే రేపు వాడికి అన్నం పెడుతుంది.

నెలాఖరున మేనేజరు మళ్ళీ పిలిచాడట. "వాళ్ళు చెప్పింది యంత్రం రాస్తుంది సార్. వాళ్ళు చెప్పడం మరిచిపోయింది నేను వెళ్ళి చూసొస్తాను" అన్నదట. ఆయన తల ఊపాడు. ఉద్యోగం ఉంది. జీతం పెరగలేదు. ఆ సాయంత్రం మాత్రం అడిగి మరీ రెండు గ్లాసుల కాఫీ తాగింది.

మూడు రోజులు మెట్లెక్కి దిగిన ఆ పిల్ల ఇప్పుడెక్కడున్నదో నాకు తెలియదు. ఆమె మార్కులు నేను తిరిగి ఇవ్వలేను. కాని ఇప్పుడు మా కాలేజీకి ఎవరైనా కొత్త ప్రోగ్రాం పట్టుకొచ్చి, "మీకేం కావాలి మేడమ్?" అని అడిగితే, వెంటనే జవాబు చెప్పను. "ముందిలా వచ్చి కూర్చో నాయనా" అని పాత రిజిస్టరు తెరిచి ముందు పెడతాను.