అక్షహృదయం

పల్నాటి వీరుల కథలో రెండు ఆటలు కనిపిస్తాయి. మొదటిది కోడిపందెం. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ ఎదురెదురుగా నిలిచి ఆడించిన ఆ పందెంలో ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలన్నది ఒడంబడిక. మాచర్ల వారు ఓడిపోయారు, వలస వెళ్లారు. గడువు తీరిన తరువాత తిరిగి అడిగితే రాజ్యం దక్కలేదు. కారెంపూడి రణభూమి అయింది. రెండవది బొంగరాలాట. శ్రీనాథుని పేరుతో ప్రసిద్ధమైన ద్విపద కావ్యంలో బాలచంద్రుడు తోటివారితో బొంగరాలాడుతుండగా అతని బొంగరం ఒక స్త్రీ కాలికి తగులుతుంది. ఆమె అన్న మాటలు ఆ బాలుని మనస్సును యుద్ధభూమిలో ఉన్న తనవారి వైపు మళ్లిస్తాయి. ఒక ఆట వల్ల రాజ్యం పోయింది. మరొక ఆటలో ఒక పిల్లవాడికి ఒక్కసారిగా వయసు వచ్చింది. రెండింటినీ మన భాష 'ఆట' అనే పిలుస్తుంది.

'ఆడు' అనే క్రియ తెలుగులో విచిత్రమైనది. మాట్లాడటంలో, వేటాడటంలో, పోరాడటంలో, కొట్లాడటంలో అది ఉంది. నాట్యమూ ఆటే, సినిమా ప్రదర్శనా ఆటే. ద్యూతమనే సంస్కృత పదం నుంచి వచ్చిన 'జూదం' సైతం మన పల్లెల్లో అన్నిచోట్లా నిందావాచకం కాలేదు. 3 పులులు, 15 మేకలతో రచ్చబండ రాతిమీద గీసుకొని ఆడే నిరపాయకరమైన ఆటను మనవారు పులిజూదం అన్నారు. పైసా పందెం లేని ఆటకు ఆ పేరెందుకు పెట్టారో గాని, పెట్టినవారికి ఆట అంటే భయం లేదని మాత్రం తెలుస్తుంది. ఇంత విశాలమైన మాటను పట్టుకొని ఆటలు మంచివనో చెడ్డవనో ఒకే తీర్పు చెప్పడం తొందరపాటు. వీడియో గేముల విషయంలో ఈ తొందరపాటు మన ఇళ్లలో నిత్యం జరుగుతోంది.

ప్రాచీన సాహిత్యం బోధించేవాడికి వీడియో గేములతో పని ఏమిటని విద్యార్థులు అడగవచ్చు. మా అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాదు వెళుతూ తన పాత కంప్యూటర్‌ను పిడుగురాళ్లలోని మా ఇంట్లో వదిలి వెళ్లాడు. అందులో కొన్ని ఆటలున్నాయి. జవాబు పత్రాలు దిద్దడం ముగిసిన తరువాత రాత్రిపూట ఒక గంట వాటితో గడపడం రెండేళ్లుగా నాకు అలవాటయింది. తోటి అధ్యాపకులు కొందరు నవ్వారు. ఒకరు మాత్రం, “శతావధానం చేయాల్సిన చేతులతో మీటలు నొక్కుతున్నారేమండీ” అన్నారు. నేనెన్నడూ అవధానం చేసినవాణ్ణి కాదు కనుక ఆ మాట నాకు తగలలేదు.

ఆ ఆటల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది టెట్రిస్. దీన్ని 1984లో మాస్కోలో, సోవియట్ విజ్ఞానశాస్త్రాల అకాడమీకి చెందిన కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ రూపొందించాడు. ఆయన ముందున్న ఎలెక్ట్రానికా 60 అనే యంత్రానికి బొమ్మలు చూపించే శక్తి లేదు. అందువల్ల తెరమీద బ్రాకెట్ గుర్తులను పక్కపక్కన పేర్చి చదరాలుగా చూపించాడు. ఆటంతా ఏడు ఆకారాలు. ఒక్కొక్క ఆకారంలో నాలుగు చదరాలు. అవి పైనుంచి దిగివస్తుంటే తిప్పి, జరిపి, కింద ఖాళీ లేకుండా అమర్చాలి. ఒక వరుస నిండితే అది మాయమవుతుంది. సంపద లేదు, శత్రువు లేడు, కథ లేదు. అయినా ప్రపంచమంతా ఆడింది.

సున్నపురాతి ఊరిలో ఉండేవారికి ఈ ఆట వింతగా తోచదు. మా వైపు రాతిగోడ కట్టే మేస్త్రీని గమనించండి. రాయిని చేతిలోకి తీసుకొని, ఇటూ అటూ తిప్పి, ముఖం ఎటుందో చూసి, దాని చోటు ఏదో నిర్ణయించుకొన్న తరువాతే కింద పెడతాడు. ఒకసారి పెట్టిన రాయిని మళ్లీ కదపడు. టెట్రిస్ ఆడేవాడి కంటికీ ఇదే శిక్షణ. అయితే ఒక భేదం ఉంది. మేస్త్రీ కట్టిన గోడ నిలిచి ఉంటుంది. అతని మనుమలు దాన్ని చూపించి మా తాత కట్టాడని చెప్పుకుంటారు. టెట్రిస్‌లో చక్కగా పూర్తయిన వరుస కనబడకుండా పోతుంది, వదిలేసిన ఖాళీలే పేరుకొని కళ్లెదుట నిలుస్తాయి. గెలుపు అనేది మొదటి రూపంలో ఈ ఆటకు లేనేలేదు. ఎంత నేర్పరికైనా చివరికి గోడ పైకప్పును తాకవలసిందే. 1989లో నింటెండో సంస్థ విడుదల చేసిన టెట్రిస్‌ను, 2023 డిసెంబరులో అమెరికాకు చెందిన 13 ఏళ్ల బాలుడు ఆడి ఆడి, యంత్రమే లెక్క తప్పి స్తంభించిపోయే చోటు దాకా తీసుకువెళ్లాడు. మనుషుల్లో అది సాధించినవాడు అతడే మొదటివాడు. 34 ఏళ్లు ఎవరికీ చేతకానిది ఒక పిల్లవాడికి చేతనైంది. ఆ పిల్లవాడు కాలం వృథా చేశాడని అనడానికి నాకు నోరు రాదు.

మన అలంకారశాస్త్ర గ్రంథాల్లో అన్నిటికన్నా ప్రాచీనమైన నాట్యశాస్త్రం ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకోవడం ఇక్కడ అవసరం. దేవతలు బ్రహ్మను సమీపించి, కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ అయిన ఒక క్రీడనీయకాన్ని ప్రసాదించమని కోరారు. క్రీడనీయకమంటే ఆటవస్తువు. వారు అడిగింది శాస్త్రం కాదు, ధర్మబోధ కాదు. ఆ ఆటవస్తువు నుంచే నాటకం పుట్టిందని భరతుడు చెబుతాడు. దృశ్యమూ శ్రవ్యమూ అయిన ఆటవస్తువు నేడు మన బల్లమీద ఉన్నప్పుడు దానికి కళ అనే గౌరవం ఇవ్వడానికి మనం ఎందుకు జంకాలి? 1989లోనే వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆటలో రాజకుమారుడు పరుగెత్తే తీరు, అంచును పట్టుకొని వేలాడే తీరు నిజమైన మనిషి కదలికల్లా ఉంటాయి. దాని కర్త జోర్డన్ మెక్‌నర్ తన తమ్ముడి చేత పరుగులు తీయించి, దూకించి, చిత్రీకరించి, ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా చూసి బొమ్మలు గీశాడు. రాకుమారిని రక్షించడానికి ఆటగాడికి ఉన్న గడువు 60 నిమిషాలు. ఆ గంటలో రాకుమారుడు గోతుల్లో పడి, కత్తులకు బలై ఎన్నిసార్లు మరణించినా మళ్లీ లేస్తాడు, కాలం మాత్రం వెనక్కి రాదు. కావ్యం చదువుతున్నప్పుడు నాయకుని కష్టానికి మనస్సు కరుగుతుంది. ఇక్కడ ఆ కష్టానికి కారణం నా వేలు అరక్షణం ఆలస్యంగా కదలడమే. ఈ అనుభవానికి రసశాస్త్రంలో పేరు లేదు. ఎవరైనా యువ పరిశోధకుడు పెడితే సంతోషిస్తాను.

ఇంతవరకు చెప్పింది బొంగరాలాట గురించి. కోడిపందెం సంగతి వేరు.

టెట్రిస్ మీద కలిగిన ఇష్టంతో ఫోన్‌లో ఉచితంగా దొరికే ఒక ఆటను కూడా కొన్ని వారాలు ఆడి చూశాను. అది ఎప్పుడు ఏమి అడుగుతుందో ఒక పుస్తకంలో రాసుకున్నాను. మొదటి మూడు రోజులు ఏమీ అడగలేదు. ఉదయం తెరవగానే బహుమతి ఇచ్చింది, నిన్న వచ్చారు గనుక ఈ రోజు రెట్టింపు అంది. నాలుగో రోజు నుంచి ఆట కష్టమైంది. డబ్బు చెల్లిస్తే సులభమవుతుందన్న సూచన కనిపించసాగింది. ఆ సూచన నేను గెలిచినప్పుడు రాలేదు, చిత్తుగా ఓడినప్పుడూ రాలేదు. గెలుపు వెంట్రుకవాసిలో తప్పిపోయినప్పుడే వచ్చింది. మధ్యమధ్య ఒక పెట్టె ఇస్తుంది. అందులో ఏముందో తెరిచేదాకా తెలియదు. అధికభాగం చెత్తే, ఎప్పుడో ఒకసారి విలువైనది. ఆ ఎప్పుడో అనేదే అసలు కీలకం. అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలోనే ఈ విషయం తెలిపాడు. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ వస్తే పావురం ఆకలి తీరాక ఊరుకుంటుంది, గింజ రావడం ఆగిపోతే తొందరగా మానుకుంటుంది. ఎన్నిసార్లకు ఒకసారి వస్తుందో తెలియకపోతే మాత్రం విడవకుండా పొడుస్తూనే ఉంటుంది. ఇలాంటి పెట్టెలలో కొన్నింటిని జూదంగా పరిగణించి బెల్జియం 2018లోనే కాదన్నది.

ఈ మార్గంలో మరో అడుగు వేస్తే డబ్బు పెట్టి డబ్బు కోసం ఆడే ఆట వస్తుంది. నాకు తెలిసిన ఒక రైతు కుటుంబంలో, గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత ఇంటర్ చదువుతున్న కొడుకు చేతుల మీదుగా, తండ్రి ఫోన్ నుంచే, పది రోజుల్లో రమ్మీలో కరిగిపోయింది. ఆ తండ్రి మా ఇంటికి వచ్చి కూర్చొని, “మావాడు పేకముక్క కూడా ముట్టినోడు కాదు సార్. ఫోన్‌లో గేమ్ ఆడుకుంటున్నాడనుకున్నాం” అన్నాడు. ఆయన మాటల్లో అబద్ధం లేదు. పేకముక్క ఆ ఇంట్లోకి రానేలేదు. వచ్చింది ‘గేమ్’ అనే పేరు మాత్రమే.

రమ్మీకి సంబంధించి మన రాష్ట్రానికి ఒక చరిత్ర ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో పేకాట మీద నడిచిన వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముక్కలను గుర్తుపెట్టుకోవడంలో, వేయడంలో, దాచుకోవడంలో నేర్పు ప్రధానం గనుక రమ్మీ ముఖ్యంగా నైపుణ్యక్రీడ అని 1967లో న్యాయస్థానం భావించింది. ఆనాడు నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చొని ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ ఆడేవారు. ఫోన్‌లో ముఖం లేదు, రాత్రి పగలు లేదు, ‘ఇక చాలు, ఇంటికి పోరా’ అనే పెద్దమనిషి లేడు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదాన్నే పక్కన పెట్టి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. అదే చట్టం ఇ-స్పోర్ట్స్‌ను క్రీడగా ప్రోత్సహిస్తామని కూడా చెప్పింది. ఈ రెంటినీ వేరు చేసి చూడటం నాకు సమంజసంగా తోచింది. అయితే చట్టం ఊరి పొలిమేర దాకానే కాపలా కాస్తుంది. ఇంటిలోపల జరిగేది ఇంటివారే చూసుకోవాలి.

ఇంటివారు చేస్తున్నదేమిటి? ఫోన్ లాక్కోవడం, లేదా పూర్తిగా వదిలేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటిచ్చిన మాట నిజమే. ఆ వర్గీకరణను 2019లో ఆమోదించారు, 2022 నుంచి అమలులోకి వచ్చింది. అయితే ఆ సంస్థ చెప్పిన లక్షణాలను చదవాలి. ఆటపై అదుపు తప్పడం, చదువుకన్నా తిండికన్నా ఆటకే ప్రాధాన్యం పెరగడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా సాధారణంగా కనీసం 12 నెలలపాటు సాగడం. పరీక్ష అయిన సాయంత్రం గంటసేపు ఆడిన పిల్లవాడిని రోగి అనడం వైద్యం కాదు. అలాగని కాలం పోవడం లేదని నేను వాదించను. రాత్రి రెండింటిదాకా ఆడి ఉదయం తరగతిలో కూర్చున్నవాడికి నేను పాఠం చెప్పలేను, వాడికి వినిపించదు.

నన్నయ ఆరణ్యపర్వంలో నలుని కథ చెప్పాడు. నలుణ్ణి కలి ఆవహించాడు. పాచికలాటలో తమ్ముడైన పుష్కరునికి రాజ్యం ఓడిపోయాడు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో సారథిగా చేరాడు. ఒకనాడు రథం సాగుతుండగా ఋతుపర్ణుడు దారిపక్కన ఉన్న తానికాయ చెట్టును చూసి, దానికి కాయలెన్నో ఆకులెన్నో చెప్పాడు. నలుడు రథం ఆపి దిగి లెక్కించాడు, సరిపోయింది. అప్పుడు ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయమనే విద్యను ఉపదేశించాడు. పాచికల లోగుట్టు తెలిపే విద్య అది. ప్రాచీన కాలంలో పాచికలుగా వాడినవి ఆ తానికాయలే కావడం కథకు అందాన్ని తెచ్చింది. విద్య పట్టుబడిన క్షణంలో కలి నలుని శరీరాన్ని విడిచిపోయాడు. ఇక్కడ నలుడికి ఎవరూ ఆట మానమని చెప్పలేదు. మనం పిల్లలకు పాచికలను దాచిపెడుతున్నాం, వాటి హృదయం మాత్రం చెప్పడం లేదు. ఈ పెట్టెను ఎవరు, ఎందుకు, ఏ లెక్కతో నింపారో తెలిసిన విద్యార్థి దాని ముందు మరోలా కూర్చుంటాడు.

అక్షహృదయం తెలుసుకోవడానికి ఆటను తయారుచేయడం కన్నా దగ్గరి దారి లేదు. పుణెలోని నాడింగ్ హెడ్స్ అనే చిన్న బృందం 2020లో ప్రాచీన భారతం నేపథ్యంగా, ఒక బాలికను నాయికగా చేసి 'రాజీ' అనే ఆటను లోకానికి అందించింది. మా కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అంతదూరం పోలేదు. ఆమె తండ్రి సున్నపు బట్టీలో పనిచేస్తాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు, కళాశాల ప్రయోగశాలలో సాయంత్రాలు కూర్చుంటుంది. ఆమె పులిజూదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. మేకలు మనిషివి, పులులు యంత్రానివి. నియమాలు అడగడానికి నా దగ్గరకు వచ్చింది. పులి మేకమీదుగా దూకాలంటే అవతలి గడి ఖాళీగా ఉండాలని, మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలరాదని చెప్పాను. మరునాడు మళ్లీ వచ్చి, “సార్, పులికి ఆకలి ఎంతుండాలి?” అని అడిగింది. మూడు మేకలను తినగానే దొరికిన ప్రతి మేకమీదికీ ఎగబడి, చివరికి మూల గడిలో ఇరుక్కుపోతున్నాయట ఆమె పులులు. ఎక్కడ ఆగాలో వాటికి నేర్పడం ఎలాగో ఆమె ఇంకా వెతుకుతోంది.