కనిపెట్టినారు సరే, ఆ తర్వాత?

గొంతు వింటే చాలట, మనిషికి డిప్రెషన్ ఉందో లేదో ఏఐ చెప్పేస్తుందట. మాట ఎంత మెల్లగా వస్తోంది, మధ్యలో ఎంతసేపు ఆగుతోంది, రాత్రి ఎన్నింటి దాకా ఫోను చూస్తున్నాడు, అన్నీ లెక్కగట్టి ఒక మార్కు వేస్తుందట. బాగుంది. దాన్ని ఒకసారి మా కదిరికి రమ్మనండి.

జూలై సగమైనా పదునుకు వాన పడని ఏడాది రమ్మనండి. మా పల్లెల్లో ఏదో ఒక రచ్చకట్ట మీద కూర్చోబెట్టండి. విత్తనానికి ఒలిచిన శెనక్కాయలు మూటల్లో ముక్కిపోతుంటే మనిషి మాట ఎగురుతూ దూకుతూ వస్తుందా? మూడో బోరూ ఎండిపోయినోడు మాట మధ్యలో ఆగడా? ఈ మిషన్లలో చాలావాటికి కొలబద్ద పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నాపత్రమే. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, 10కి చేరితే అనుమానం. నిద్ర పడుతోందా అంటుంది. వడ్డీ గుర్తొచ్చినోడికి ఏం నిద్ర? నీరసంగా ఉందా అంటుంది. బెంగళూరులో ఇటుకలు మోసి నిన్న రాత్రే బస్సు దిగినామె ఏం చెప్పాలి? ఊరు ఊరంతా పాసైపోతుంది ఆ పరీక్షలో.

డిప్రెషన్ జబ్బు కాదని నేననడం లేదు. జబ్బే. మాత్రలతో, మాటలతో తగ్గే జబ్బు. వానలు దండిగా పడిన ఏడాది కూడా కదిరిలో ఉంటుంది, కాలువ నీళ్లున్న డెల్టాలోనూ ఉంటుంది. నా కోపం దాన్ని కనిపెట్టడమే పెద్ద కొరత అన్నట్టు చెప్పేవాళ్ల మీద.

మా భాష సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ఎవరూ 'నాకు విచారంగా ఉంది' అనరు. 'యాష్టొచ్చిందబ్బా' అంటారు. 'గుండెలో ఒకటే దడ' అంటారు. ఎక్కువమంది 'ఏం లేదులే' అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటారు. ఇక 'మందు' ఉంది. డాక్టరు ఇచ్చేదీ మందే, సారాయి దుకాణంలోదీ మందే, పురుగులకు కొట్టేదీ మందే. 'మందు తాగినాడు' అన్నప్పుడు ఏ మందో ఆ గొంతు పలికే తీరును బట్టి, ఆ ఇంటి సంగతిని బట్టి మాకు తెలుస్తుంది. ఇంగ్లీషు సంభాషణలు విని పెరిగిన మిషనుకు ఏం తెలుస్తుంది?

ఇంతకీ ఇక్కడ బాధ ఎవరికి కనపడలేదని? పెండ్లానికి తెలుసు. పక్క చేనోడికి తెలుసు. నిద్రమాత్రలు అడిగితే తలెత్తి చూసిన మెడికల్ షాపు కుర్రోడికీ తెలుసు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్న నూరు మందిలో 85 మందికి వైద్యం అందడం లేదు. దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. అదే నిమ్హాన్స్ 1980లలో మన అనంతపురానికి ఆనుకుని ఉన్న బళ్లారి జిల్లాలో ఒక పని చేసి చూపింది. ప్రైమరీ హెల్త్ సెంటర్ డాక్టర్లకే జబ్బును గుర్తించడం నేర్పి, నాలుగైదు రకాల మాత్రలు అందుబాటులో పెడితే పల్లెలోనే వైద్యం సాగుతుందని. నలభై ఏళ్లయింది. ఇప్పుడు కొత్తగా కనిపెడతారట.

కాస్త లెక్క వేద్దాం. వెయ్యి మందిలో 50 మందికి జబ్బు ఉందనుకోండి. జబ్బున్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ నూటికి 80 మంది విషయంలో మిషను సరిగ్గా చెబుతుందనుకోండి. జబ్బున్నవాళ్లలో 40 మందిని పట్టుకుంటుంది, పదిమందిని వదిలేస్తుంది. జబ్బు లేని 950 మందిలో 190 మందికి లేని జబ్బు అంటగడుతుంది. అంటే పట్టుబడిన 230 మందిలో 190 మందికి ఏ జబ్బూ లేదు. వీళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని తేల్చే డాక్టరేడీ? లెక్క సంగతి అలా ఉంచి, అడక్కుండా మనసులోకి తొంగిచూడడం ఇంకో సంగతి. ఇంగ్లండులో సమారిటన్స్ అనే పేరున్న సంస్థ 2014 అక్టోబరు చివర్లో ట్విటర్ రాతలను జల్లెడ పట్టి, ఎవరు కుంగిపోతున్నారో వాళ్ల రాతలు చదివేవాళ్లకు చెప్పే ఏర్పాటు ఒకటి తెచ్చింది. నన్నడక్కుండా నా మనసు మీద నిఘా ఏమిటని జనం తిరగబడితే అది పట్టుమని పది రోజులు నిలవలేదు. మా శెనక్కాయ రైతు తిరగబడడానికి, తన మీద నిఘా ఉందని ముందు తెలియాలి కదా.

అసలు భయం ఇది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయమని 2004లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. నిజంగా సాగు అప్పుల వల్లే పోయాడా అని తేల్చడానికి ఆర్డీవో, పోలీసు అధికారి, వ్యవసాయాధికారి కూర్చుంటారు. అప్పు కాగితాలు పట్టుకుని ఆ ఇల్లాలు నిలబడాలి. 'అప్పు కాదమ్మా, తాగుడు', 'అప్పు కాదు, మతిస్థిమితం లేదు' అన్న మాటలు మా జిల్లాలో ఎన్ని గడపలు విన్నాయో! రేపు ఆ బల్ల మీదికి, మొగుడు బతికుండగా మిషను వేసిన డిప్రెషన్ మార్కు కూడా వస్తే? చేను ఎండడం పోతుంది, వడ్డీ పోతుంది, రోగం ఒక్కటే మిగులుతుంది. వాన రాకపోవడాన్ని మనిషి మెదడులోకి తోసేయడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి పైన చెప్పిన పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలే అడిగించారు, హర్యానాలోనూ చేశారు. డిప్రెషన్ తగ్గిందని తేలింది కూడా. కానీ అక్కడ ట్యాబ్ ఒక్కటే లేదు. గడప గడపకూ మళ్లీ మళ్లీ తిరిగిన ఆశమ్మ ఉంది. ఆమె పంపితే చూసే డాక్టరున్నాడు, ఆయనకు శిక్షణ ఉంది. మానసిక రోగమంటే సిగ్గు పడొద్దని ఊళ్లో చెప్పిన మనుషులున్నారు. వీటన్నిటినీ పీకేసి ట్యాబ్ ఒక్కటే కదిరికి పంపితే అది పిల్లలు పాటలు చూసుకోవడానికి పనికొస్తుంది.

కాబట్టి మిషను అమ్మజూపే దొరలకు నావి రెండే ప్రశ్నలు. కదిరి ఆస్పత్రిలో మానసిక వైద్యుడు ప్రతి వారం ఏ రోజు కూర్చుంటాడు? మాత్రలు నెలాఖరు దాకా నిల్వ ఉంటాయా? జవాబు రాసివ్వండి, అప్పుడు మీ డబ్బా తెరుద్దాం.

ఈలోగా ఎవరికైనా రాత్రి గడవడం కష్టమైతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. అవతల మాట్లాడేది మనిషి. 'యాష్టొచ్చిందబ్బా' అంటే మార్కు వేయరు, ఏమైందని అడుగుతారు.