ఒక గని, ఒక విద్యుత్కేంద్రం, ఒక రైలు

ఈ శీర్షికలో సాధారణంగా పుస్తకాలను గురించి, తోటపనిని గురించి ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈసారి ఒక కంప్యూటర్ ఆటను తీసుకుంటున్నాను. ఆట అనగానే పెద్దలు పుట త్రిప్పివేయనక్కరలేదు. ఇందులో తుపాకులు లేవు, శత్రువులు లేరు. ఉన్నవల్లా ఒక విశాలమైన పటం, కొంత అప్పు, అక్కడక్కడ గనులు, కర్మాగారాలు, ఊళ్లు, వాటిని కలుపవలసిన ఒక రవాణా సంస్థ. ఆ సంస్థకు అధిపతి మీరే. బొగ్గు, విద్యుత్తు, ఉక్కు, రేకులు అన్న మాటలు భోజనాల వేళ కూడా వినబడే ఇళ్లు మనవి. మన ఇళ్లకు ఇంత దగ్గర బంధువైన ఆట మరొకటి నాకు కనబడలేదు.

దీని పేరు ఓపెన్ టీటీడీ. తెలుగువారికి టీటీడీ అనగానే ఏడుకొండలే స్ఫురించడం సహజం. కాని ఇక్కడ ఆ అక్షరాలకు అర్థం ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్. స్కాట్లండ్‌కు చెందిన క్రిస్ సాయర్ రచించగా మైక్రోప్రోస్ సంస్థ 1994లో ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌ను, 1995లో దాని డీలక్స్ రూపాన్ని విడుదల చేసింది. అనంతరం 2004లో స్వీడన్ దేశీయుడు లుడ్విగ్ స్ట్రీగెయుస్ ఆ ఆటను తిరిగి వ్రాసి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా లోకానికి అందించాడు. ఎందరో ఔత్సాహికులు నేటికీ దానిని మెరుగుపరుస్తూనే ఉన్నారు. 2010 నుండి పాత ఆట బొమ్మల అవసరం కూడా తీరిపోయింది. పాతబడిన కంప్యూటరు మీద కూడా చక్కగా నడుస్తుంది గనుక ఇంట్లో కొత్త యంత్రం కొనవలసిన పని లేదు.

ఇక ఆటలోకి దిగుదాము. ప్రామాణికమైన అమరికలతో మొదలుపెడితే కాలం 1950. చేతిలో లక్ష పౌండ్లు ఉంటాయి, కాని ఆ లక్ష పౌండ్లూ అప్పే. తొలిసారి ఆడేవారు పోటీ సంస్థల సంఖ్యను సున్నాకు మార్చుకొని, యంత్రాలు చెడిపోయే ఏర్పాటును కూడా తొలగించుకోవడం మంచిది. ఇది పిరికితనం కాదు. అప్రెంటిస్‌ను మొదటి రోజే బ్లాస్ట్ ఫర్నేసు ముందు నిలబెట్టరు కదా!

పటం తెరచుకోగానే ప్రతి ఊరినీ ప్రతి ఊరితో కలుపవలెనన్న ఉత్సాహం కలుగుతుంది. కొత్తవారి డబ్బంతా అక్కడే ఖర్చైపోతుంది. ఊరిలోపల ఈ వీధి నుండి ఆ వీధికి బస్సులు నడిపితే నిర్వహణ ఖర్చు కూడా సరిగా రాదు. 1950లో దొరికే బస్సులో 31 మంది పడతారు, వేగం గంటకు 56 కిలోమీటర్లు. దానితో పెద్ద సంపాదన ఆశించరాదు. ఒక బొగ్గు గని, ఒక విద్యుత్కేంద్రం, ఒక రైలు: మొదటి ఏడాదికి ఇంతకుమించి ఆలోచించవద్దు. ఉక్కు నగరాల పిల్లలు మాత్రం ఇనుప ఖనిజంతోనే మొదలుపెడతామని మొండికేస్తారు. ఆ ఖనిజాన్ని ఉక్కు కర్మాగారానికి చేర్చి, అక్కడి ఉక్కును ఫ్యాక్టరీకి చేర్చి, తయారైన సరకును ఊరికి చేర్చేసరికి మూడు మార్గాలు కావాలి. అంత పెట్టుబడి మొదట్లో ఉండదు.

బొగ్గే ఎందుకన్నదానికి కారణం చెల్లింపు లెక్కలో ఉంది. సరకు పరిమాణం, ప్రయాణించిన దూరం, బండిలో గడిచిన కాలం, ఈ మూడింటిని బట్టి కిరాయి నిర్ణయమవుతుంది. ప్రయాణికులైతే తొలి రోజు నుండే కిరాయిలో కోత మొదలవుతుంది. బొగ్గుకు మాత్రం సుమారు పదిహేడు రోజుల వరకు కోత లేదు, ఆ తరువాత కూడా తరుగుదల నెమ్మదిగానే ఉంటుంది. నెమ్మదిగా నడిచే పాత ఆవిరి ఇంజనుకు ఇటువంటి ఓర్పుగల సరకే తగినది. దూరాన్ని లెక్కించే పద్ధతి కూడా తెలుసుకోదగినది. పట్టాలు ఎన్ని వంపులు తిరిగాయన్నది ఆటకు అక్కరలేదు. ఎక్కించిన స్టేషను నుండి దింపిన స్టేషనుకు అడ్డంగా ఎన్ని గడులు, నిలువుగా ఎన్ని గడులు అన్నదే లెక్క. కాబట్టి దారి ఎంత చుట్టు తిరిగినా ఒక్క పైసా అదనంగా రాదు, కాలం మాత్రం వృథా అవుతుంది. పక్కనే ఉన్న విద్యుత్కేంద్రాన్ని వదలి, అరవై డెబ్బై గడుల దూరంలో, మధ్య కొండలు లేని దానిని ఎంచుకోండి.

పట్టాలు పరచే ముందు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే, పని జరగకుండానే అంచనా వ్యయం తెరపై కనబడుతుంది. టెండరు పిలువకుండానే ఎస్టిమేటు చేతికి వచ్చినట్లే! కొండను త్రవ్వి చదును చేయడం, పొడవైన సొరంగం త్రవ్వడం అన్నవి ఖజానాను ఖాళీ చేసే పనులు. నాలుగు గడులు పక్కకు జరిగి పోవడం చౌక. నిండు బండి ఎక్కవలసిన ఎత్తులను మాత్రం తప్పించండి, ఖాళీ బండి ఎక్కితే అంత బాధ లేదు. రైలు పొడవు ప్లాట్‌ఫారమ్ పొడవును మించరాదు. మించితే సరకు నింపడం చాలా నెమ్మదిస్తుంది.

ఇక్కడ కొత్తవారందరినీ తికమకపెట్టే విషయం ఒకటుంది. గని పక్కన స్టేషను కట్టి, బొగ్గు వచ్చి పడుతుందేమోనని కూర్చుంటారు. రాదు. ఆ సరకును ఎక్కించుకొనే బండి ఒకసారైనా వచ్చి నిలిచిన తరువాతనే గని ఆ స్టేషనును గుర్తిస్తుంది. కాబట్టి ముందు రైలు కొని పంపండి. దాని ఆర్డర్లలో గని స్టేషను వద్ద 'ఫుల్ లోడ్' అని, అంటే నిండిన తరువాతనే కదలవలెనని, పెట్టండి.

ఈ ఒక్క ఆర్డరు వెనుక ఆట ప్రాణమంతా ఉంది. ప్రతి స్టేషనుకు ప్రతి సరకు విషయంలో ఒక మదింపు ఉంటుంది, అది శాతాలలో కనబడుతుంది. గని ఉత్పత్తిలో ఆ శాతమే మీ స్టేషనుకు వస్తుంది. చివరిసారి వచ్చిన బండి వేగం, దాని వయసు, బండి వచ్చి ఎన్నాళ్లయినది, ఎంత సరకు పేరుకుపోయింది అన్నవాటిపై మదింపు ఆధారపడుతుంది. ఒక రైలు ఎప్పుడూ నిలిచి నింపుకుంటూ ఉంటే 'ఎన్నాళ్లయినది' అన్న ప్రశ్నకే తావుండదు. మదింపు అరవై శాతం దాటి నిలిస్తే, కాలక్రమాన గని ఉత్పత్తి పెరిగే అవకాశాలే ఎక్కువ, దానికి దిగువన ఉంటే తరిగే అవకాశాలు ఎక్కువ. అంటే గని బాగోగులు కొంతవరకు మీ రైలు చేతిలో ఉన్నాయన్నమాట. ప్రయాణికుల బండికి మాత్రం ఈ ఆర్డరు పెట్టకండి. పెట్టెలో కూర్చున్నవారి కాలం బండి నిలిచి ఉన్నా లెక్కలోకి వస్తుంది.

తొలి కిరాయి చేతికి అందగానే అప్పు తీర్చివేయాలనిపిస్తుంది. జీతం రాగానే సొసైటీ అప్పు వాయిదా గుర్తుకు వచ్చే మనవంటివారికి ఇది మరీ సహజం. కాని ఇక్కడ వడ్డీ స్వల్పం. ఆ సొమ్ముతో రెండవ రైలు కొంటే వచ్చే ఆదాయం వడ్డీకి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆటలో ఒక సంవత్సరం మన గడియారంలో దాదాపు పన్నెండు నిమిషాలే గనుక ఎక్కువసేపు ఎదురుచూడవలసిన పని కూడా లేదు.

రెండవ రైలుతో సిగ్నళ్ల ప్రసక్తి వస్తుంది. మన రైల్వేలలోని అబ్సల్యూట్ బ్లాక్ పద్ధతి తెలిసినవారికి ఇది కరతలామలకం: ఒక బ్లాకులో ఒకే బండి. ఒంటి లైనుపై రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి నిలిచిపోతే ఇక ఎవరూ కదలరు. దీనికి నాకు నచ్చిన పరిష్కారం మన రామగుండంలోనే ఉంది. అక్కడి ఎన్టీపీసీ కేంద్రానికి సింగరేణి బొగ్గు మెర్రీ గో రౌండ్ అనే పద్ధతిలో చేరుతుంది. రైలు గని వద్ద నింపుకొని, కేంద్రం వద్ద తొట్టి మీదుగా మెల్లగా నడుస్తూనే వ్యాగన్ల అడుగు తలుపుల నుండి బొగ్గును రాల్చి, ఇంజను త్రిప్పే పని లేకుండా మళ్లీ గని దారి పడుతుంది. ఆటలోనూ పోయే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి వేసి, రెండు కొసలలోనూ స్టేషనులోకి ఒకవైపు ప్రవేశించి మరొకవైపు వెలుపలికి వచ్చేటట్లు మాలలా కలపండి. ఏకదిశ పాత్ సిగ్నళ్లను, రైలు ఆగినా ఎవరికీ అడ్డుకాని చోట్ల మాత్రమే నాటండి. కూడలి మధ్యలో నాటితే ఆగిన బండి తోక దారికి అడ్డుపడుతుంది. ఈ మాల ఒకసారి కుదిరితే డిపోలో క్లోన్ మీటతో అదే రకం రైళ్లను ఒకటి వెంట ఒకటి దింపవచ్చు.

రామగుండం పేరు వచ్చింది కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇంట్లో పిల్లలు ఈ ఆట ఆడుతుంటే పెద్దలు పక్కన కూర్చొని ఈ తేడా వివరించాలని నా కోరిక. ఆటలో దూరం పెరిగితే ఆదాయం పెరుగుతుంది, అందుకే దగ్గరి కేంద్రాన్ని వదలి దూరపు కేంద్రానికి బొగ్గు మోయమని పైన నేనే చెప్పాను. నిజజీవితంలో రామగుండం వంటి కేంద్రాలను గనుల ఒడిలోనే నిర్మించడానికి కారణం సరిగ్గా దీనికి విరుద్ధమైనది: మోత ఎంత తగ్గితే విద్యుత్తు అంత చౌక. ఆటలోని విద్యుత్కేంద్రం ఎంత బొగ్గు పోసినా తీసుకుంటుంది, ఒక్క దీపం వెలిగించదు, ఏడాదిపాటు బొగ్గు రాకపోయినా ఎవరి ఇంటా చీకటి పడదు. మనవారు నిల్వలను టన్నులతోపాటు రోజులలో కూడా లెక్కిస్తారు. 2021 అక్టోబరులో దేశంలోని బొగ్గు ఆధారిత కేంద్రాలలో ఆ నిల్వలు సగటున నాలుగు రోజులకు పడిపోయాయి. 2022 వేసవిలో బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికై రైల్వేలు కొన్ని ప్రయాణికుల రైళ్లను తాత్కాలికంగా రద్దు చేయవలసి వచ్చింది. రద్దయిన రైలులో పుట్టింటికి పోవలసిన మనిషి ఆట లెక్కలో ఎక్కడా కనబడదు. ఆ రోజుల్లో షిఫ్టు ముగిసినా కంట్రోల్ రూమును వదలి రాలేకపోయిన నాన్న ఏ పని మీద ఉన్నాడో, సిగ్నల్ వద్ద నిలిచిపోయిన బొమ్మ రైలును చూపించి చెబితే పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

తిరిగి ఆటకు వద్దాము. ఏదో ఒకనాడు ఒక ఊరి పాలకవర్గం మీకు స్టేషను కట్టుకొనేందుకు అనుమతి నిరాకరిస్తుంది. మీరు దారికోసం అక్కడి చెట్లను నరికి ఉంటారు, అదే కారణం. ఊరి చుట్టూ చెట్లు నాటితే వారి కోపం తగ్గుతుంది. రాయితీల ప్రకటనలు వస్తాయి, రెండింతలు నాలుగింతలు ఇస్తామంటాయి. మీ దారిలో ఉన్నదైతే అందుకోండి, దాని కోసమే కొత్త మార్గం వేయవద్దు. రెండు మూడు బొగ్గు రైళ్లు లాభంలో నిలిచిన తరువాత పెద్ద ఊళ్ల మధ్య దూరపు ప్రయాణికుల రైలు పెట్టుకోవచ్చు.

చెడిపోయే ఏర్పాటును తొలగించుకున్నా వయసును తొలగించలేము. రైలు విండోలో దాని వయసు, గరిష్ఠ ఆయువు రెండూ కనబడతాయి. ముదిరిన ఇంజనును డిపోకు పంపి అమ్మి, అప్పటికి వచ్చిన కొత్త రకాన్ని పాత వ్యాగన్లకు తగిలించండి. రైళ్లు పది దాటితే ఈ పనికి ఆటోరెన్యూ అనే ఏర్పాటు ఉంది, అయితే అది పాత రకాన్నే మళ్లీ కొంటుంది. రకం మార్చాలంటే రైళ్ల జాబితాలో ఉన్న రీప్లేస్ అన్న ఆదేశం వాడుకోవాలి. రెండింటికీ బ్యాంకులో సొమ్ము ఉండాలి సుమా!