చూడి గుర్రమూ, నా మిడిమిడి జ్ఞానమూ

మేం కెంటకీలో, లెక్సింగ్టన్‌కి కాస్త దూరంగా ఉంటాం. మా పక్కింటి పెద్దావిడ మొన్న నవంబరులో వేలంపాటలో ఓ ఆడగుర్రాన్ని కొనుక్కొచ్చింది. కాగితాల్లేవు, అంతకుముందు ఎక్కడ ఉండేదో తెలీదు. కడుపు మాత్రం బానలా ఉంది. "ఇది కడుపుతో ఉందంటావా?" అని కంచె అవతల నుంచి నన్నడిగింది. మా తాతకి గేదెలుండేవని అంతకుముందే ఆవిడ దగ్గర గొప్పలు పోయాను లెండి.

వంగి చూశాను. పొదుగు ఛాయలు కూడా లేవు. మా ఊళ్ళో చూడి పెయ్యకి ఈనడానికి నెలల ముందునించే పొదుగు తెలుస్తుంది. "అబ్బే, అది ఉత్త గడ్డి కడుపండీ" అని తేల్చేశాను.

జనవరిలో పళ్ళు చూడ్డానికొచ్చిన పశువుల డాక్టరు, ఆవిడ అడిగితే స్కానింగ్ కూడా చేశాడు. లోపల పిల్ల ఉంది. దాదాపు ఏడు నెలలు!

గుర్రానికి పొదుగు నిండేది చివరి రెండు నుంచి నాలుగు వారాల్లోనేట. ఎదకు రాలేదు కాబట్టి చూడిదే అనుకోవడానికీ లేదు. చలికాలం పగళ్ళు కురచవడంతో చాలా గుర్రాలు మామూలుగానే ఎదకు రావు. కడుపు సైజుదీ అదే కథ. అంటే మనం కంటితో చూసే మూడు గుర్తులూ మోసం చేసేవే. దాటించిన రోజు తెలిస్తే 14 - 16 రోజులకే స్కాన్ చేయించాలి. కవలలుంటే అప్పుడే బయటపడాలి, గుర్రం కవలల్ని క్షేమంగా మోయడం చాలా అరుదు. తేదీ తెలియకపోతే డాక్టరు చేత పరీక్ష చేయించడం తప్ప దారి లేదు.

"తప్పు చెప్తే ఏమైంది, పుట్టినప్పుడు ఎలాగూ తెలుస్తుందిగా" అన్నాడు మా ఫ్రెండొకడు. నేను ఒప్పుకోను. మా చుట్టుపక్కల పచ్చికలో ఎక్కువగా ఉండేది టాల్ ఫెస్క్యూ గడ్డి. కెంటకీ 31 అని ఈ రాష్ట్రం పేరుతోనే ఓ రకం ఉంది. దాని లోపల కంటికి కనపడని బూజు ఒకటి పెరుగుతుంది. నెలలు నిండుతున్న గుర్రం ఆ గడ్డి తింటే పాలు పడవు, రోజులు దాటిపోయినా ఈనదు, మాయ మందంగా తయారవుతుంది. అందుకే కనీసం చివరి 60 రోజులైనా ఆ మేతకి దూరంగా ఉంచమంటారు. ఆవిడ నా మాట నమ్మి ఊరుకుని ఉంటే ఆ గుర్రం వసంతమంతా అక్కడే మేసేది. మార్చిలోనే దాన్ని కొట్టంలోకి మార్చి, వేరే ఎండుగడ్డి వేసింది.

ఏర్పాట్లంటే వేణ్ణీళ్ళూ తువ్వాళ్ళూ అనుకునేవాణ్ణి. అసలు ఏర్పాటు, ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో ముందే తెలుసుకోవడం. ఉమ్మనీరు పోయాక అరగంటలోపు పిల్ల బయటికి రావాలి. తెల్లటి పొరకి బదులు ఎర్రటి ముఖమల్ లాంటి సంచి ముందొస్తే డాక్టరు కోసం ఎదురుచూడకూడదు, వెంటనే దాన్ని కోసి పిల్లని లాగాలి. పుట్టిన గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడిపోవాలి. గుర్రప్పిల్ల రోగాల్ని తట్టుకునే శక్తి లేకుండా పుడుతుంది, అది ముర్రుపాలతోనే రావాలి. ఆ పాలు ఒంటబట్టే వ్యవధి ఒక్కరోజు కూడా ఉండదు. మా జున్ను సరదా ఇక్కడ పనికిరాదన్నమాట.

మే నెలలో ఓ రాత్రి చన్నుల చివర మైనంలా పూసలు కట్టాయని ఆవిడ ఫోన్ చేసింది. ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీలు చేసిన అలవాటు ఎట్టకేలకి అక్కరకొచ్చింది. రెండు రాత్రులు కాపలా కాశాం. మూడో రాత్రి రెండింటికి ఈనింది. తెల్లటి పొరే వచ్చింది. నేను చేసిందల్లా గోడవారన నిలబడి టైము చూడ్డం. నలభై నిమిషాలకి పిల్ల వణుక్కుంటూ లేచింది.

మనవాళ్ళెవరైనా పిల్లల సరదా కోసం గుర్రాన్ని కొంటే ఒక్కటే చెప్తాను. ఊరి జ్ఞానం మంచిదే, కానీ అది మన ఊరి గేదె గురించి. ఇకమీదట ఎవరడిగినా నేను వంగి చూడను, డాక్టరు నంబరిస్తాను.