డిమెన్షియా పెద్దలు ఎమర్జెన్సీకొస్తే.. అసలు జబ్బు చెప్పేదెవరు?

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. వీళ్లను ఎమర్జెన్సీకి తీసుకెళ్తేనే అసలు చిక్కు. నొప్పి ఎక్కడో చెప్పలేరు. ఏ మందులు వాడుతున్నారో గుర్తుండదు.

నిన్నటిదాకా కొడుకును గుర్తుపట్టిన పెద్దాయన ఒక్కసారిగా అయోమయంలో పడితే 'మతిమరుపు ముదిరింది' అని వదిలేయొద్దు. యూరిన్ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం.. ఏదైనా కారణం కావొచ్చు. దీన్నే డెలీరియం అంటారు. కారణం దొరికితే చాలామందిలో తగ్గుతుంది.

కానీ ఆ మార్పు ఎప్పుడు మొదలైందో చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే. వాళ్లను గేటు బయటే నిలబెడితే డాక్టర్‌కు సగం సమాచారం అందదు. లోపల పేషెంట్‌కు భయం పెరుగుతుంది. అందుకే ఒక్కరినైనా పక్కన ఉండనివ్వాలి. కుటుంబాలూ మందుల చీటీ, కళ్లజోడు, వినికిడి మిషన్ మర్చిపోకూడదు.