పేరుకు కూడా హద్దురాళ్లు పాతుకోవాలి

బెల్లం, గానుగ నూనె, దేశవాళీ బియ్యం సొంత బ్రాండుతో అమ్ముకోవడం ఎలాగో వీడియోలో చూశారు కదా. దానికి తోడు ఒక్క మాట. మన దగ్గర కొనేవాళ్లు పొలం చూసి కొనరు, పేరు చూసి కొంటారు. అదే పేరు పోలికతో ఇంకొకడు మందులు కొట్టిన సరుకు అమ్మితే చెడ్డపేరు మనకొస్తుంది. అందుకే పేరును భూమిలాగే కాపాడుకోవాలంటాను.

ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. సికింద్రాబాద్ ఎస్.పి. రోడ్డులోని మేఫెయిర్ సెంటర్ అడ్రసుతో నడిచిన సత్యం కంప్యూటర్స్ గుర్తుంది కదా. దాని అనుబంధ సంస్థగా 1995లో మొదలైంది సత్యం ఇన్ఫోవే. సంస్థ పేరులోని ఇంగ్లిష్ అక్షరాలు ఏరి 'సిఫీ' అనే కొత్త మాట తయారు చేసుకుని, 1999లో ఆ పేరుతో డొమైన్లు తీసుకుంది. 2001లో ఇంకో కంపెనీ ఒక్క అక్షరం తేడాతో 'సిఫ్ఫీనెట్' రిజిస్టర్ చేయించింది. ఇదేంటని అడిగితే, మా ఐదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపాం అంది.

బెంగళూరు సివిల్ కోర్టు ఆ పేరు వాడొద్దంది. రెండు వ్యాపారాలూ వేరు కదా అని కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. చివరికి 2004 మే 6న సుప్రీంకోర్టు సిఫీ వైపు నిలబడింది. అక్షరాల కథను నమ్మలేదు. డొమైన్ పేరు కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును ఇంకొకరిదిగా చెలామణి చేయకూడదనే పాత సూత్రం దీనికీ వర్తిస్తుందని చెప్పింది. దాన్నే లాయర్లు 'పాసింగ్ ఆఫ్' అంటారు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది రెండు. ఒకటి, సిఫీ అనేది కల్పించుకున్న పేరు. మనవాళ్లేమో ప్రకృతి, సహజ, నేచురల్, ఆర్గానిక్ అని పెడుతున్నారు. అవి సరుకు గుణం చెప్పే మాటలు. అందరూ వాడుకునే మాటను నాదొక్కడిదే అంటే ట్రేడ్‌మార్క్ చట్టం ఒప్పుకోదు. మీ ఊరి వాగు పేరో, ఇంటి ఆవు పేరో కలిపి కొత్త మాట కట్టుకోండి. రెండు, ముందునుంచీ వాడుతున్నామని సిఫీ రుజువులు చూపగలిగింది. మీరూ మొదటి బిల్లు, మొదటి ప్యాకెట్, సంత ఫోటోలు తేదీలతో సహా దాచుకోండి.

ఖర్చు సంగతి కూడా చూడండి. ఒక్క రైతు పేరు మీద ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. రిజిస్టర్ అయితే పదేళ్లు ఉంటుంది. నూనెకు 29, బియ్యం, బెల్లానికి 30, తాజా కూరగాయలకు 31 తరగతి. అదే పోగొట్టుకున్న డాట్ కామ్ పేరు కోసం జెనీవాలోని వైపో దగ్గర ఫిర్యాదు చేస్తే ఫీజే 1,500 డాలర్ల నుంచి మొదలు. డాట్ ఇన్ పేర్లకైతే మన దేశంలోనే నిక్సీ మధ్యవర్తులు ఉన్నారు. కానీ ఎక్కడికెళ్లినా మీ హక్కును మీరే రుజువు చేసుకోవాలి.

ఇంకో ప్రమాదం మన పక్కనే ఉంటుంది. డొమైన్ ఇచ్చే రిజిస్ట్రార్ ఆ పేరు ఎవరిదని విచారించడు, ముందొచ్చినవాడికి ఇచ్చేస్తాడు. మనమేమో వెబ్‌సైట్ చేసే కుర్రాడికి డబ్బులిచ్చి అంతా నువ్వే చూసుకో బాబూ అంటాం. పేరు అతని ఖాతాలో ఉంటుంది. రేపు అతను ఫోన్ ఎత్తకపోతే, గడువు దాటిపోతే, పేరు ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. రైతు సంఘమైతే సంఘం పేరు మీదే పెట్టండి, ఒక్క మనిషి పేరు మీద వద్దు.

మనం కూడా న్యాయంగా ఉండాలి. బాగా నడుస్తున్న తోటి రైతు పేరుకు ఒక అక్షరం కలిపి మన ప్యాకెట్ మీద వేసుకోవడం గట్టు జరపడం లాంటిదే.

ఈ రోజే ఒక పని చేయండి. మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉందో, రెన్యువల్ తేదీ ఎప్పుడో అడిగి తెలుసుకోండి. పట్టాదారు పాస్‌బుక్ పక్కన ఆ కాగితం కూడా పెట్టుకోండి.